ఆపరేషన్ సంతకానికి ముందు: వినికిడి లేని బిడ్డ, కాక్లియర్ ఇంప్లాంట్, ఇంటి భాష

వసకొమ్ము అరగదీసి బిడ్డ నాలుకకు రాయడం చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో ఇంకా పోని అలవాటు. రెండేళ్లు నిండినా మాట రాకపోతే ఇంట్లో పెద్దవాళ్లు మొదట వస పోస్తారు. ఆపైన "వాళ్ల నాయనకు గూడా నాలుగేండ్లకే మాటలొచ్చినాయి" అని తల్లికి ధైర్యం చెబుతారు. వినగలిగిన బిడ్డ విషయంలో ఈ ఓపిక వల్ల చాలాసార్లు చెడేది పెద్దగా ఉండదు. వినికిడి లేని బిడ్డ విషయంలో మాత్రం, తర్వాత తీసుకోవలసిన అతి పెద్ద నిర్ణయానికి కావలసిన నెలలన్నీ ఈ ఎదురుచూపులోనే కరిగిపోతాయి. చివరకు తిరుపతి రుయా ఆస్పత్రికో, వేలూరుకో, చెన్నైకో వెళ్లి పరీక్షలు చేయించి, రెండు చెవులకూ తీవ్రమైన వినికిడి లోపం ఉందన్న కాగితం చేతికి వచ్చేసరికి బిడ్డకు మూడో ఏడు నడుస్తుంటుంది. అప్పుడు డాక్టరు కాక్లియర్ ఇంప్లాంట్ గురించి, అంటే ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే పరికరం గురించి చెబుతారు, ప్రభుత్వ ఉచిత వైద్య పథకంలో వయసు పరిమితి ఉందని ఆరోగ్యమిత్ర గుర్తుచేస్తారు, బంధువులు తలా ఒక మాట అంటారు. ఆ ఒత్తిడిలో తల్లిదండ్రులకు ప్రశ్న ఒకటే ఉన్నట్టు కనబడుతుంది: ఆపరేషన్ చేయించాలా, వద్దా?

ఆ ప్రశ్న కింద ఇంకో ప్రశ్న ఉంది. ఈ బిడ్డకు ఏ భాష, ఎవరి ద్వారా, ఏ రోజు నుంచి అందుతుంది అన్నదే అసలు తేల్చుకోవలసిన విషయం. ఇంప్లాంట్ దానికి దొరికే జవాబులో ఒక భాగం మాత్రమే. ఈ తేడా ముందే తెలిసిన కుటుంబాలకు ఆపరేషన్ తర్వాత ఎదురయ్యే కష్టాలు కష్టాలుగానే ఉంటాయి. తెలియని కుటుంబాలకు అవే మోసపోయామన్న బాధగా మారతాయి.

ముందుగా యంత్రం సంగతి. మామూలు చెవిలో నత్త గుల్లలా రెండున్నర చుట్లు తిరిగిన కాక్లియాలో సుమారు 15,000 రోమ కణాలు ఉంటాయి. శబ్దాన్ని నాడికి అందించే పనిలో అసలు బరువు మోసేవి వాటిలో దాదాపు 3,500. పుట్టుకతో వినికిడి లేని పిల్లల్లో ఎక్కువ మందికి దెబ్బతినేవి ఈ కణాలే, వాటి వెనుక ఉండే నాడి పని చేస్తూనే ఉంటుంది. చెవికి తగిలించుకునే మామూలు వినికిడి యంత్రం శబ్దాన్ని పెద్దది చేసి అదే దెబ్బతిన్న దారిలో పంపుతుంది. ఇంప్లాంట్ ఆ దారిని వదిలేసి నేరుగా నాడికి చిన్న విద్యుత్ సంకేతాలు ఇస్తుంది. చెవి వెనుక పెట్టుకునే ప్రాసెసర్ మైకుతో శబ్దాన్ని పట్టి, విడగొట్టి, అయస్కాంతంతో తలకు అతుక్కునే కాయిల్ ద్వారా చర్మం కింద ఉన్న భాగానికి పంపితే, అక్కడి నుంచి కాక్లియాలోకి దూర్చిన సన్నని తీగ మీది 12 నుంచి 22 ఎలక్ట్రోడ్లు నాడికి ఆ సంకేతాలు ఇస్తాయి. వేల కణాలు చేసే పని ఈ కొద్ది బిందువులతో జరుగుతోందంటే, అది వినికిడిని ఉన్నదున్నట్టు తిరిగి ఇవ్వడం కాదని అర్థమవుతుంది. అది వేరే రకం వినికిడి, మెదడు దాన్ని మొదటి నుంచి నేర్చుకోవాలి. ప్రాసెసర్ తీసేసిన క్షణం ఆ బిడ్డకు మళ్లీ ఏమీ వినబడదు. ఈ చివరి వాక్యాన్ని ఆస్పత్రిలో ఎవరూ దాచరు గానీ, ఆశతో ఉన్న తల్లిదండ్రుల చెవికి అది సరిగా ఎక్కదు.

వయసు ఎందుకు అంత ముఖ్యమో చెప్పాలంటే మెదడు దగ్గరికి వెళ్లాలి. శబ్దం రాని మెదడులో వినడానికి కేటాయించిన ప్రాంతం ఖాళీగా ఎదురుచూస్తూ కూర్చోదు, క్రమంగా చూపు, స్పర్శ వంటి వేరే పనులకు మళ్లుతుంది. ఇంప్లాంట్ వేసిన పిల్లల మెదడు స్పందనలను కొలిచిన అమెరికా పరిశోధనల్లో, మూడున్నరేళ్లలోపు శబ్దం అందిన పిల్లల్లో ఎక్కువ మందికి ఆ స్పందన తోటివారి స్థాయికి చేరిందని, ఏడేళ్లు దాటాక అందిన పిల్లల్లో చాలామందికి చేరలేదని తేలింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పిల్లలకు ఇంప్లాంట్‌ను 1990లో అనుమతించినప్పుడు కనీస వయసు రెండేళ్లు. 2000లో దాన్ని 12 నెలలకు, 2020లో ఒక రకం యంత్రానికి 9 నెలలకు తగ్గించారు. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. మెదడు గడువు పెట్టింది శబ్దానికి మాత్రమే కాదు, భాషకు కూడా. చెవి ద్వారా అందినా, కంటి ద్వారా అందినా మొదటి కొన్నేళ్లలో ఏదో ఒక పూర్తి భాష దొరకని బిడ్డకు తర్వాత ఏ భాషా పూర్తిగా పట్టుబడటం కష్టం. ఇంప్లాంట్ కోసం తిరుగుతున్న ఏడాదిలో కూడా ఆ గడువు నడుస్తూనే ఉంటుంది.

లోపాన్ని నెల రోజుల్లో అనుమానించి, మూడు నెలల్లో నిర్ధారించి, ఆరు నెలల్లో సహాయం మొదలుపెట్టాలన్నది ప్రపంచమంతా ఒప్పుకున్న లెక్క. బిడ్డ నిద్రపోతుండగా కొన్ని నిమిషాల్లో అయిపోయే ఓఏఈ పరీక్షతో అనుమానం తేలుతుంది, శబ్దానికి శ్రవణ నాడి ఎలా స్పందిస్తోందో కొలిచే బెరా పరీక్షతో నిర్ధారణ అవుతుంది. పుట్టగానే కామెర్లు ఎక్కువైన బిడ్డలకు, ఇంక్యుబేటర్‌లో ఉంచిన బిడ్డలకు ఓఏఈ ఒక్కటే సరిపోదు, బెరా కూడా చేయించాలి, ఎందుకంటే చెవి కణాలు బాగుండి నాడిలో లోపం ఉన్న సందర్భాలను ఓఏఈ పట్టుకోలేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వెతకవలసిన 30 లోపాల్లో పుట్టుకతో వచ్చే చెవుడు ఒకటి. కాబట్టి అంగన్‌వాడీకి వచ్చే బృందాన్ని తల్లి నిలదీసి అడగవచ్చు. ఇంట్లో చేసే పళ్లెం పరీక్షను మాత్రం నమ్మకూడదు. వెనుక నుంచి పళ్లెం మోగిస్తే బిడ్డ తిరిగి చూసేది శబ్దానికే అన్న నమ్మకం లేదు. నేల అదిరినా, నీడ కదిలినా, గాలి తగిలినా బిడ్డ తిరుగుతుంది.

కారణాల సంగతి క్లుప్తంగానైనా చెప్పక తప్పదు, ఎందుకంటే ఇక్కడి ఇళ్లలో నింద మొదట తల్లి మీదికే వస్తుంది. పుట్టుకతో వచ్చే చెవుడులో దాదాపు సగం జన్యువుల వల్ల వస్తుంది, అందులోనూ ఎక్కువ భాగం తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపాలూ కలిస్తేనే బయటపడే రకం. మేనరికాలు, మేనమామ పెళ్లిళ్లు ఎక్కువగా ఉన్న రాయలసీమలో ఆ రెండూ కలిసే అవకాశం పెరుగుతుంది. అంటే బాధ్యత అంటూ ఉంటే అది రెండు వైపులా సమానం, దోషం ఎవరిదీ కాదు. ఇలాంటి కుటుంబంలో తర్వాతి ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది కనుక రెండో బిడ్డకు వస కోసం కాక, మొదటి నెలలోనే బెరా కోసం వెళ్లాలి.

ఇంప్లాంట్ అందరికీ పనికివచ్చేది కాదు. ముందు కొన్ని నెలలు మంచి వినికిడి యంత్రాలు పెట్టి, బిడ్డకు ఏ మేరకు ఉపయోగపడుతున్నాయో చూస్తారు. కొంత వినికిడి మిగిలిన పిల్లలకు యంత్రాలే చాలవచ్చు, పైగా ఆపరేషన్‌లో ఆ మిగిలిన వినికిడి పోయే ప్రమాదం ఉంది. సీటీ, ఎంఆర్ఐ పరీక్షల్లో కాక్లియా ఆకారం, శ్రవణ నాడి ఉందా లేదా అన్నది చూస్తారు. నాడే లేని చెవిలో ఇంప్లాంట్ పెట్టి లాభం లేదు. మెదడు పొరలకు వాపు తెచ్చే మెనింజైటిస్ తర్వాత వినికిడి పోయిన బిడ్డ విషయంలో మాత్రం ఎదురుచూడకూడదు. కాక్లియా లోపల ఎముక పెరిగి తీగ దూరే దారి మూసుకుపోవచ్చు, అందువల్ల అక్కడ లెక్క వారాల్లోనే ఉంటుంది. ఆపరేషన్ పూర్తి మత్తులో రెండు మూడు గంటలు పడుతుంది. ముఖ నాడికి దెబ్బ, ఇన్ఫెక్షన్, లోపలి భాగం పాడై మళ్లీ ఆపరేషన్ చేయవలసి రావడం వంటివి అరుదైనా ఉన్నాయి. మెనింజైటిస్ రాకుండా న్యుమోకోకల్ టీకా ముందే వేయిస్తారు. అనుభవమున్న చేతుల్లో ఇది సురక్షితమైన శస్త్రచికిత్స అనే చెప్పాలి. తల్లిదండ్రుల భయం అంతా ఈ మూడు గంటల చుట్టూ తిరుగుతుంది, కష్టం మాత్రం ఆ తర్వాత మొదలవుతుంది.

డబ్బు విషయంలో ఇక్కడి కుటుంబాలకు ఒక వెసులుబాటు ఉంది. 2007లో మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న ఆరోగ్యశ్రీ కింద కాక్లియర్ ఇంప్లాంట్ అందుబాటులోకి వచ్చింది. వికలాంగులకు ఉపకరణాలు అందించే ఆడిప్ పథకాన్ని కేంద్రం 2014లో సవరించినప్పుడు అది కూడా ఐదేళ్లలోపు పిల్లలకు యంత్రానికి 6 లక్షల రూపాయల పరిమితితో సాయం పెట్టింది. సొంత డబ్బుతో కొనలేని కూలి కుటుంబాలకు ఇది నిజంగా పెద్ద మేలు. కానీ పథకం చెల్లించేది యంత్రానికి, ఆపరేషన్‌కు, కొంతకాలపు శిక్షణకు. ఆ తర్వాత తెగిపోయే వైర్లు, పాడయ్యే కాయిల్, మార్చవలసిన బ్యాటరీలు, వారంటీ తీరాక చెడిపోయే ప్రాసెసర్ కుటుంబం మీద పడతాయి. లోపలి భాగం దశాబ్దాలు ఉండేలా చేస్తారు, బయటి ప్రాసెసర్ అంత కాలం రాదు, కొత్తది కొనాలంటే ధర లక్షల్లో ఉంటుంది. పదేళ్ల వయసులో ప్రాసెసర్ మూగబోయి, కొనే స్తోమత లేక అల్మారాలో పెట్టేసిన బిడ్డ గతి ఏమిటన్నది ఆపరేషన్‌కు ముందే వేసుకోవలసిన ప్రశ్న. వారంటీ ఎన్నేళ్లు, విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి, ప్రాసెసర్ మార్చుకోవడానికి ప్రభుత్వ సాయం ఏమైనా ఉందా అన్నవి సంతకానికి ముందు రాతపూర్వకంగా తెలుసుకోవడం తల్లిదండ్రుల హక్కు. ప్రభుత్వాల విషయానికొస్తే, ఇంప్లాంట్ల సంఖ్యను ఎంత గర్వంగా చెబుతారో, ఐదేళ్ల తర్వాత వాటిలో ఎన్ని పిల్లల తలల మీద పని చేస్తున్నాయో కూడా అంతే శ్రద్ధగా లెక్కించి చెప్పాలి.

ఆపరేషన్ అయిన మూడు నాలుగు వారాలకు యంత్రాన్ని స్విచాన్ చేస్తారు. చాలామంది తల్లిదండ్రులు ఆ రోజున బిడ్డ తిరిగి చూసి నవ్వుతుందని ఊహించుకుంటారు, కానీ చాలా మంది పిల్లలు ఏడుస్తారు, లేదా ఏమీ జరగనట్టే ఉంటారు. అక్కడి నుంచి నెలల తరబడి మ్యాపింగ్, అంటే ఒక్కో ఎలక్ట్రోడ్‌కు ఎంత విద్యుత్తు ఇస్తే వినబడుతుందో, ఎంత దాటితే బాధ కలుగుతుందో సరిచేసే పని జరుగుతుంది. దానితో పాటు మాట శిక్షణ వారానికి ఒకటి రెండు సార్లు, కనీసం ఒకటి రెండేళ్లు. కుప్పం దగ్గరి పల్లెలో ఉండే తల్లికి తిరుపతి రావడం అంటే ఒక రోజు పూర్తిగా పోవడం. కూలి పోతుంది, పెద్ద బిడ్డను ఎవరి దగ్గరో వదలాలి, ఆవు పాలు పితికేది ఎవరు అన్న ప్రశ్న కూడా ఉంటుంది. తిరుపతిలో టీటీడీ నడిపే శ్రవణం ప్రాజెక్టు వినికిడి లేని చిన్నపిల్లలకు తల్లులతో సహా శిక్షణ ఇస్తోంది. తల్లిని పక్కన కూర్చోబెట్టుకోవడమే ఇలాంటి శిక్షణకు ప్రాణం. థెరపిస్ట్ గదిలో గడిచేది వారానికి గంట, మిగతా మెలకువ గంటలన్నీ ఇంట్లోనే. ఆ గంటల్లో "నీళ్లు పోసుకుందామా, ఇదిగో చెంబు, చెంబులో నీళ్లు" అని మాట్లాడుతూ ఉండే మనిషి లేకపోతే లక్షల యంత్రం శబ్దాలు మాత్రమే వినిపిస్తుంది. అందుకే ఆపరేషన్ నిర్ణయం తల్లి ఒక్కతి భుజాల మీద పెట్టేది కాదు. తండ్రి, అవ్వ, తాత ఆ పనిలో ఏ గంటలు పంచుకుంటారో ముందే మాట్లాడుకోవాలి.

శిక్షణ ఏ భాషలో అన్నది ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు. నగరి, సత్యవేడు వైపు ఇంట్లో తమిళం, బడిలో తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలా. కుప్పంలో తెలుగు, తమిళం, కన్నడం మూడూ కలిసి నడుస్తాయి. చిత్తూరు నుంచి వేలూరు సీఎంసీ ఆస్పత్రి గంట ప్రయాణం కాబట్టి ఆపరేషన్ అక్కడ చేయించుకున్న తెలుగు బిడ్డకు తమిళంలో శిక్షణ మొదలయ్యే అవకాశం ఉంది. తల్లి నోట సహజంగా వచ్చే భాషలోనే మొదలుపెట్టడం మంచిది. థెరపిస్ట్‌కు ఆ భాష రాకపోతే కనీసం పాఠాలు తల్లి భాషలోకి మార్చుకునే ఏర్పాటు అడగాలి. తెలుగు విషయంలో ఇంకో సంగతి కూడా గమనించదగ్గది. ఇంప్లాంట్ శబ్దం ఎంతసేపు ఉంది, ఎక్కడ ఆగింది అన్న కాలపు తేడాలను బాగానే అందిస్తుంది, నోటిలో ఏ చోట పుట్టిందన్న సన్నని తేడాలను అంత బాగా అందించలేదు. అందువల్ల కల, కాల అన్న హ్రస్వ దీర్ఘాల తేడా, అక, అక్క అన్న ద్విత్వం తేడా బిడ్డకు త్వరగా అందవచ్చు. ల, ళల మధ్య, న, ణల మధ్య, త, టల మధ్య తేడా చాలా కాలం తడబడవచ్చు. అన్నకు, అన్నతో, అన్న మీద వంటి చోట అర్థం మోసే ప్రత్యయం మాట చివర మెత్తగా జారిపోతుంది కాబట్టి ఇంట్లో వాళ్లు దాన్ని మింగకుండా పలకాలి. బిడ్డ "అన్న ఇచ్చు" అంటే అది బద్ధకం కాదు, వినికిడిలో ఆ చివరి ముక్క అందలేదని అర్థం.

ఇక సైగల భాష. ఇంప్లాంట్ వేసిన పిల్లలతో సైగలు చేయవద్దని, చేస్తే మాట రాదని చాలా చోట్ల గట్టిగా చెబుతారు. ఈ నిషేధానికి పాత మూలాలు ఉన్నాయి. 1880లో ఇటలీలోని మిలాన్‌లో బధిర విద్య మీద జరిగిన మహాసభ సైగలను బడి నుంచి తోసేసి నోటి మాటనే నేర్పాలని తీర్మానించింది, ఆ నీడ నూరేళ్లు బడుల మీద ఉండిపోయింది. ఇంకో వైపు నుంచి, అమెరికాలోని బధిరుల జాతీయ సంఘం 1991లో చిన్నపిల్లలకు ఇంప్లాంట్ వేయడాన్ని తప్పుపట్టింది, చెవుడును బాగుచేయవలసిన లోపంగా మాత్రమే చూడటం తమ భాషనూ సముదాయాన్నీ తుడిచేయడమేనని వాదించింది. 2000లో అదే సంఘం తన మాటను సవరించి, తల్లిదండ్రుల నిర్ణయాన్ని గౌరవిస్తూనే వారికి పూర్తి సమాచారం అందాలని, పిల్లలకు సైగల భాష కూడా దొరకాలని చెప్పింది. పరిశోధనలు రెండు వైపులా ఉన్నాయి. సైగలు వాడని పిల్లల నోటి మాట మెరుగ్గా ఉందన్న అధ్యయనాలు ఉన్నాయి. వాటిలో సైగలు వాడిన కుటుంబాలకు సైగల భాష అసలు ఎంత వచ్చు, మాట అందక తర్వాత సైగలకు మళ్లిన పిల్లలు ఆ లెక్కలో ఎంత మంది అన్న ప్రశ్నలకు సరైన జవాబు లేదన్న విమర్శ కూడా అంతే బలంగా ఉంది. పుట్టినప్పటి నుంచి బధిరులైన తల్లిదండ్రుల దగ్గర సైగల భాష నేర్చి, ఇంప్లాంట్ కూడా వేయించుకున్న పిల్లలు మాటలో వెనుకబడలేదన్నది మాత్రం గమనించవలసిన విషయం.

ఈ వ్యాసం అభిప్రాయం స్పష్టం: సైగలు మానిపించడానికి తగిన ఆధారం లేదు, మానిపిస్తే జరిగే నష్టం మాత్రం ఖాయం. ఇంప్లాంట్ ఫలితం ఏ బిడ్డకు ఎంత అన్నది ముందుగా ఎవరూ చెప్పలేరు. కొందరు ఫోనులో మాట్లాడే స్థాయికి వస్తారు, మామూలు బడిలో చదువుతారు. కొందరికి పిలిస్తే తిరిగి చూడటం, హారన్ వినబడటం వరకే ఆగుతుంది. ఆ రెండో బిడ్డకు ఐదేళ్ల వరకు మాట కోసమే చూసి, రాలేదని తేలాక సైగల భాష మొదలుపెడితే అప్పటికి భాష పట్టే వయసు దాటిపోతుంది. రెండూ మొదటి రోజు నుంచి ఉంటే పోయేది ఏమీ లేదు. తెలుగు పిల్లలు రెండు భాషల మధ్య పెరగడం ఈ జిల్లాలకు కొత్త కాదు. 2015లో ఢిల్లీలో ఏర్పడిన భారతీయ సైగల భాష పరిశోధన, శిక్షణ కేంద్రం 10,000 పదాల వీడియో నిఘంటువు తయారుచేసింది, అది ఫోనులో ఉచితంగా చూడవచ్చు. తిరుపతిలో టీటీడీ నడిపే శ్రీ వేంకటేశ్వర బధిర పాఠశాల ఉంది. అక్కడి పెద్ద పిల్లలను, ఊళ్లో ఉద్యోగాలు చేసుకుంటూ సంసారాలు నడుపుకుంటున్న బధిరులను ఒకసారి కలవడం ఆపరేషన్ గురించి ఎన్ని కరపత్రాలు చదివినా రాని తెలివిడిని ఇస్తుంది. బిడ్డకు చెవుడని తెలిసిన రోజు తల్లిదండ్రులు ఊహించుకునే చీకటి భవిష్యత్తు, నిజమైన బధిరుల జీవితాలను చూడకపోవడం వల్ల పుట్టిన ఊహే చాలా వరకు.

పుట్టుకతో వినికిడి లేక, ఏ భాషా లేకుండా ఎనిమిదేళ్లు వచ్చిన బిడ్డకు ఇంప్లాంట్ మీద ఆశ పెట్టడం తొందరపాటు. అక్కడ మొదట కావలసింది సైగల భాష, తోటి బధిర పిల్లలు, చదువు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గరి బడిలోనో, కోరుకున్న ప్రత్యేక బడిలోనో ఉచితంగా చదివే హక్కు ఇచ్చింది. మాట్లాడటం నేర్చి తర్వాత జబ్బు వల్ల వినికిడి పోయిన ఎనిమిదేళ్ల బిడ్డ సంగతి వేరు, ఆ బిడ్డకు ఇంప్లాంట్ చాలా మేలు చేయవచ్చు. వయసు ఒకటే అయినా నిర్ణయం ఒకటి కాదు.

ఇంప్లాంట్ వేయించిన ఇంట్లో రోజువారీ సంగతులు కొన్ని మిగిలాయి. పుట్టువెంట్రుకలు తిరుమలలో తీయించే మొక్కు ఉంటే దానికోసం ఆపరేషన్ తేదీని నెలల తరబడి వాయిదా వేయనక్కరలేదు, ఏ వారమైనా కొండకు వెళ్లి రావచ్చు. ఆపరేషన్ అయి గాయం పూర్తిగా మానాక గుండు చేయించినా ఇబ్బంది లేదు, ప్రాసెసర్ తీసి పక్కన పెట్టి, కోత గుర్తు దగ్గర కత్తి జాగ్రత్తగా తిప్పమని చెబితే చాలు. వేసవి చెమటకు, వానాకాలపు తేమకు ప్రాసెసర్ రాత్రిళ్లు ఆరబెట్టే డబ్బాలో ఉండాలి. చర్మం కింద అయస్కాంతం ఉందని రాసిన కార్డు ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలి, ఎందుకంటే పెద్దయ్యాక ఏ జబ్బుకైనా ఎంఆర్ఐ తీయవలసి వస్తే డాక్టర్లు మొదట అడిగేది దాని గురించే. గంగ జాతర డప్పుల మధ్య, పెళ్లి మైకుల మధ్య ఇంప్లాంట్ వేసుకున్న బిడ్డకు మాటలు విడిగా అందవు. అప్పుడు ముఖం ఎదురుగా వచ్చి, చేత్తో చూపి చెప్పాలి. రాత్రి స్నానానికి యంత్రం తీశాక, పడుకునే ముందు బిడ్డ ఏదో అడుగుతుంది. జ్వరం వచ్చి చెవి దగ్గర నొప్పిగా ఉంటే యంత్రం పెట్టుకోనంటుంది. కరెంటు పోయి చార్జింగ్ అయిపోయిన పూట అమ్మ ఎక్కడికి వెళ్లిందో అన్నకు చెప్పాలి, అన్న తనకు చెప్పాలి. ఆ వేళల్లో ఆ ఇంట్లో వాళ్లందరికీ వచ్చిన సైగలే పనికొస్తాయి.